పింక్ ఫ్లాయిడ్ తొలి ఆల్బమ్ 'ది పైపర్ ఎట్ ద గేట్స్ ఆఫ్ డాన్': తరచుగా అడిగే ప్రశ్నలు

పింక్ ఫ్లాయిడ్ అంటే ప్రాణం పెట్టే మిత్రులు నాకు చాలామందే ఉన్నారు. వాళ్ళలో సగంమంది ఈ ఆల్బమ్ పెట్టి, రెండో పాట దగ్గర ఆపేసి, "ఏంట్రా బాబూ ఇది?" అని నాకు ఫోన్ చేసినవాళ్ళే. ఆ ఫోన్లలో మళ్ళీ మళ్ళీ వచ్చిన ప్రశ్నలే ఇవి. కొన్ని జవాబులు పొడుగయ్యాయి. ఇష్టమైన విషయం కదా, ఓర్చుకోండి.

ముందు ముక్తసరిగా చెప్పండి. ఇది ఎవరిది, ఎప్పటిది?

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ మొట్టమొదటి ఎల్పీ, అంటే రెండు వైపులా పాటలుండే పెద్ద రికార్డు. 1967 ఆగస్టులో ఈఎంఐ అనే రికార్డు కంపెనీ వాళ్ళ కొలంబియా లేబుల్ మీద వచ్చింది. పదకొండు పాటలు, దాదాపు 42 నిమిషాలు. గిటారు సిడ్ బారెట్, బేస్ రోజర్ వాటర్స్, ఆర్గన్, పియానో రిచర్డ్ రైట్, డ్రమ్స్ నిక్ మేసన్. పాడింది ఎక్కువగా బారెట్టే. పదకొండులో ఎనిమిది పాటలు అతనొక్కడే రాశాడు. రెండు నలుగురూ కలిసి కట్టినవి, ఒకటి వాటర్స్‌ది. బ్రిటన్ చార్టులో, అంటే అమ్మకాల పట్టికలో, ఆరో స్థానం దాకా వెళ్ళింది.

ఆ పేరేంటి అంత పొడుగ్గా? అర్థమేంటి?

'వేకువ వాకిట్లో పిల్లనగ్రోవి ఊదేవాడు' అనుకోండి. కెన్నెత్ గ్రేహమ్ 1908లో పిల్లల కోసం రాసిన 'ది విండ్ ఇన్ ద విల్లోస్' అనే పుస్తకంలో ఏడో అధ్యాయం పేరు ఇది. అందులో ఒక నీటికుక్క పిల్ల తప్పిపోతుంది. నది ఒడ్డున ఉండే ఎలుక, దాని నేస్తం మోల్ (నేల తవ్వుకుని బతికే చిన్న జంతువు) కలిసి రాత్రంతా పడవ వేసుకుని వెతుకుతాయి. తెల్లవారబోతుండగా ఎక్కడి నుంచో పిల్లనగ్రోవి వినిపిస్తుంది. ఆ పాట వెంట వెళితే ఒక చిన్న లంక. అక్కడ పాన్ అనే గ్రీకు దేవుడు, కొమ్ములు, మేక కాళ్ళతో, చేతిలో గొట్టాల వేణువుతో కూర్చుని ఉంటాడు. పిల్ల ఆయన పాదాల దగ్గర హాయిగా నిద్రపోతుంటుంది.

తర్వాత జరిగేదే నాకు ఎక్కువ ఇష్టం. సూర్యుడు వచ్చేసరికి ఆయన మాయమవుతాడు. వెళుతూ వెళుతూ ఆ రెంటికీ మరుపునిస్తాడు. అంత గొప్ప దృశ్యం గుర్తుండిపోతే ఇక జీవితంలో మామూలు సంతోషాలేవీ ఆనవని. వేణువు వినపడగానే చేతిలో పని వదిలేసి పరుగెత్తిన గోపికల కథ తెలిసినవాళ్ళం కాబట్టి మనకి ఇది అర్థం కావడానికి పెద్ద వ్యాఖ్యానం అక్కర్లేదు. పాన్ వేరు, కృష్ణుడు వేరు, కానీ ఆ పిలుపు తెలిసిన పిలుపే.

బారెట్‌కి ఆ పుస్తకం చాలా ఇష్టం. ఆల్బమ్‌కి ఆ పేరు పెట్టాడు కానీ ఆ పేరుతో పాట మాత్రం రాయలేదు. పాటలన్నీ ఆ లంక చుట్టూ తిరుగుతున్నట్టే ఉంటాయి.

పింక్ ఫ్లాయిడ్ అనేది ఒక మనిషి పేరా?

ఇద్దరివి. అమెరికాలో కరోలినా రాష్ట్రాలకి చెందిన ఇద్దరు బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ళ జానపద సంగీతం) గాయకులు, పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్. ఆ రెండు మొదటి పేర్లూ కలిపి బారెట్ అతికించాడు. అంతకుముందు వీళ్ళ బ్యాండ్ పేరు 'టీ సెట్'. దేవుడు మేలు చేశాడు.

నేను 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' విని వచ్చాను. ఇది అదే బ్యాండేనా?

పేరు అదే, ముగ్గురు మనుషులు వాళ్ళే, ఇల్లు మాత్రం వేరు. 1973 నాటి ఆ ఆల్బమ్‌లో చావు, డబ్బు, కాలం, పిచ్చి గురించి పెద్దవాళ్ళు పెద్దవాళ్ళతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. రోజర్ వాటర్స్ మాటలు, డేవిడ్ గిల్మోర్ గిటారు. ఈ మొదటి ఆల్బమ్‌లో గిల్మోర్ లేనే లేడు. వాటర్స్ రాసింది ఒక్క పాట. ఇందులో ఉన్నవి మరుగుజ్జులు, దిష్టిబొమ్మలు, సయామీ పిల్లి, సైకిలు, యురేనస్ చందమామలు.

డార్క్ సైడ్‌కి ఇది తొలిమెట్టు అనుకుని వింటే నిరాశ తప్పదు. నా మిత్రులు రెండో పాట దగ్గర ఆపేయడానికి కారణం అదే. ఇరవై ఒక్కేళ్ళ చిత్రకారుడు ఒకడు తన చిన్నప్పటి కథల పుస్తకాలని రంగులతో, కరెంటు గిటారుతో మళ్ళీ గీశాడు అనుకుని వినండి. అప్పుడు వేరేగా వినిపిస్తుంది.

సిడ్ బారెట్ ఎవరు?

అసలు పేరు రోజర్ కీత్ బారెట్. 1946 జనవరి 6న కేంబ్రిడ్జ్‌లో పుట్టాడు. బొమ్మలు వేయడం చదువుకోవడానికి లండన్‌లోని కాంబర్‌వెల్ ఆర్ట్ స్కూల్‌కి వచ్చాడు. మిగతా ముగ్గురూ రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో ఆర్కిటెక్చర్ చదవడానికి చేరి కలుసుకున్నవాళ్ళు. వాటర్స్ కూడా కేంబ్రిడ్జ్‌లో పెరిగినవాడే కాబట్టి పాత పరిచయం.

ముగ్గురు కట్టడాలు నేర్చుకున్నవాళ్ళు, ఒకడు రంగులు కలిపేవాడు. ఈ బ్యాండ్ తర్వాతి చరిత్ర అంతా ఆ ఒక్క వాక్యంలో ఉందేమో అని నాకు అనిపిస్తుంటుంది. బారెట్ వెళ్ళిపోయాక వాళ్ళ పాటలు నిజంగానే బిల్డింగుల్లా, ప్లాను గీసుకుని కట్టినట్టు ఉంటాయి. ఈ ఆల్బమ్‌లో మాత్రం తడి ఆరని రంగులే.

ఈ ఆల్బమ్‌ని సైకడెలిక్ అంటారు. అంటే మత్తుమందుల పాటలనేగా?

ఇది అందరూ కాస్త గొంతు తగ్గించి అడిగే ప్రశ్న. సైకడెలిక్ అనే మాటని 1950ల్లో హంఫ్రీ ఆస్మండ్ అనే మానసిక వైద్యుడు పుట్టించాడు. మనసు, బయటపడటం అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలు కలిపాడు. భ్రమలు కలిగించే ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు లాంటి పదార్థాల గురించే ఆ మాట పుట్టింది, దాచేదేం లేదు. 1966, 67ల్లో లండన్ కుర్రకారులో ఎల్‌ఎస్‌డీ ఉంది. బారెట్ తీసుకున్నాడు. మిగతా ముగ్గురూ ఆ రోజుల్లో దానికి చాలావరకు దూరంగానే ఉన్నారు. ఈ సంగతి వింటే చాలామంది నమ్మరు.

సంగీతంలో ఆ మాటకి ఇంకో అర్థం కూడా స్థిరపడింది. పాటకి మొదలు, పల్లవి, చరణం, ముగింపు అనే కట్టు తెంచేయడం. ఒకే స్వరం మీద నిమిషాల తరబడి తిరగడం. ప్రతిధ్వనులు, తిరగేసిన టేపులు, వాయిద్యం లోంచి వాయిద్యం కాని చప్పుళ్ళు తీయడం. దానికి తోడు లైట్ షో. గాజు పలకల మధ్య రంగు నూనెలు పోసి, వేడి చేసి, ఆ కదిలే మచ్చల్ని ప్రొజెక్టర్‌తో బ్యాండ్ మీదే పడేలా చేసేవాళ్ళు. వాయించేవాళ్ళ ముఖాలు కనపడేవి కావు. హీరో ముఖం కనపడకపోతే సినిమా ఎలా చూస్తాం అనుకునే మనలాంటి వాళ్ళకి ఇది కొంచెం కొత్తే.

ఇదంతా ఎక్కువగా జరిగింది టొటెన్‌హమ్ కోర్ట్ రోడ్‌లో 'యూఎఫ్ఓ' అనే క్లబ్బులో. మామూలు రోజుల్లో అది ఐరిష్ వాళ్ళ డాన్సు హాలు. 1966 డిసెంబరు చివర్లో జో బాయిడ్, జాన్ హాప్కిన్స్ కలిసి దాన్ని రాత్రంతా నడిచే క్లబ్బుగా మార్చారు. పింక్ ఫ్లాయిడ్ అక్కడి ఆస్థాన విద్వాంసులు అన్నమాట. లండన్ దాటితే కథ వేరు. రేడియోలో హిట్ పాట విని డాన్సు చేద్దామని వచ్చిన జనం, స్టేజి మీద ఇరవై నిమిషాల చప్పుడు విని విసుగెత్తి బీరు విసిరేవాళ్ళు.

పాటల విషయానికొస్తే, మాటల్లో మత్తు ప్రస్తావన వెతికితే దొరికేది తక్కువ. దొరికేవి తన లోకంలో తాను ఆడుకునే పిల్లాడి మాటలు. "ఇదంతా డ్రగ్స్ ప్రభావం" అని తేల్చేస్తే ఆ కుర్రాడు చదివిన పుస్తకాలకీ, వేసిన బొమ్మలకీ అన్యాయం చేసినట్టే అని నా అభిప్రాయం.

రికార్డింగ్ అప్పుడు పక్క గదిలో బీటిల్స్ ఉన్నారట. నిజమేనా?

నిజమే. లండన్ ఆబీ రోడ్‌లోని ఈఎంఐ స్టూడియోస్‌లో, 1967 ఫిబ్రవరి నుంచి కొన్ని నెలల పాటు, మూడో నంబరు స్టూడియోలో వీళ్ళు పని చేశారు. అప్పుడు రెండో నంబరులో బీటిల్స్ తమ 'సార్జంట్ పెప్పర్స్' ఆల్బమ్ చేస్తున్నారు. మార్చి 21న వీళ్ళని అక్కడికి తీసుకెళ్ళారు. బీటిల్స్ 'లవ్లీ రీటా' పాట మీద పని చేస్తుంటే, ఈ నలుగురూ కంట్రోల్ రూమ్‌లో వెనకాల బుద్ధిగా కూర్చుని కాసేపు చూసి వచ్చారు.

ఎవరి నుంచి ఎవరు కొట్టేశారు అని వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. రెండూ వినండి. బీటిల్స్ ఆల్బమ్ ఆర్కెస్ట్రా, బ్యాండు మేళం, పెద్ద పందిరి. వీళ్ళది నలుగురు మనుషులు, ప్రతిధ్వని పుట్టించే ఒక ఎకో మిషను.

రికార్డింగ్ నడిపించిన ప్రొడ్యూసర్ నార్మన్ స్మిత్ ఈ ఆల్బమ్‌ని పాడు చేశాడంటారు కదా?

వాళ్ళ స్టేజి కచేరీలు విన్నవాళ్ళు అప్పట్లో అన్న మాట అది. స్టేజి మీద ఒక్కో పాటని అరగంట సాగదీసేవాళ్ళు. రికార్డులో చాలావరకు రెండు, మూడు నిమిషాల పాటలే. ఆ కత్తెర స్మిత్‌ది.

ఆయన చిన్నా చితకా మనిషి కాదు. 1965 చివరిదాకా బీటిల్స్ రికార్డులకి ఇంజనీరు. పింక్ ఫ్లాయిడ్ కన్నా వయసులో ఇరవై ఏళ్ళు పెద్ద, జాజ్ అంటే ఇష్టం. ఈ కుర్రాళ్ళ సంగీతం ఆయనకి ఎంత నచ్చిందో అనుమానమే. బారెట్‌తో పెద్ద తంటా ఏమిటంటే, ఒకసారి పాడినట్టు రెండోసారి పాడడు. "ఈ లైను ఇలా మార్చు" అంటే సరే అంటాడు, వెళ్ళి మళ్ళీ ఇంకేదో చేస్తాడు. నాలుగు ట్రాకుల టేపు మీద పని చేసే రోజుల్లో ఇంజనీరుకి ఇది ఎంత టెన్షనో ఊహించుకోండి.

అయినా నేను స్మిత్ పక్షమే. ఆ కత్తెర లేకపోతే మనకి మిగిలేది అరగంట ప్రతిధ్వని. ఆయన బలవంతం వల్ల 'మటిల్డా మదర్', 'ద నోమ్', 'బైక్' లాంటి పాటలు అరచేతిలో ఇమిడేలా తయారయ్యాయి. మూడు గొంతులు కలిసే చోట్ల ఉన్న నీటుదనం కూడా ఆయన పెట్టిందే. ఇంకో ముచ్చట: ఇదే మనిషి 1970ల మొదట్లో 'హరికేన్ స్మిత్' అనే పేరుతో తానే పాడి హిట్లు కొట్టాడు.

పాటల గురించి ఒక్కొక్కటిగా చెప్పండి.

అన్నిటి గురించీ సమానంగా చెప్పలేను. నచ్చినవి ఎక్కువ చెబుతా.

మొదటిది 'ఆస్ట్రానమీ డోమినే'. మొదట్లో మెగాఫోన్‌లో గ్రహాల, నక్షత్రాల పేర్లు చదువుతున్న గొంతు బ్యాండ్ మేనేజరు పీటర్ జెన్నర్‌ది. వెనకాల టెలిగ్రాఫు ఆఫీసు టిక్కుటిక్కులు. తర్వాత గిటారు ఒక్కో మెట్టూ దిగుతూ పోతుంది, కాలి కింద నేల లేనట్టు. మాటల్లో గురుడు, శని, యురేనస్ చందమామలు ఒబెరాన్, మిరాండా, టిటానియా వరసగా వస్తాయి. స్తోత్రం చదువుతున్నట్టు ఉంటుంది, అర్థం కన్నా పేర్ల మోతే ముఖ్యం.

'లూసిఫర్ శామ్' ఒక సయామీ పిల్లి గురించి. గూఢచారి సినిమాలో వెంటాడే సీనుకి వాయించే లాంటి గిటారు. బొత్తిగా వంక పెట్టలేని పాట.

'మటిల్డా మదర్' నా మనసుకి అన్నిటికన్నా దగ్గర. రాత్రి కథ చదువుతున్న అమ్మ మధ్యలో ఆపేస్తే, ఇంకా చెప్పు అని బతిమాలే పిల్లాడి పాట. బారెట్ మొదట ఇందులో హిలైర్ బెలాక్ అనే కవి పిల్లల పద్యాలు వాడుకున్నాడు. హక్కులున్నవాళ్ళు ఒప్పుకోకపోతే సొంత మాటలు రాసుకున్నాడు. ఆ తిరస్కారానికి మనం రుణపడి ఉండాలి. ఎక్కువ భాగం పాడింది రిచర్డ్ రైట్. మధ్యలో అతని ఆర్గన్ మెలికలు తిరుగుతూ ఎటో తూర్పు దిక్కుకి పోయి వస్తుంది.

'ఫ్లేమింగ్' దాగుడుమూతలు. 'పౌ ఆర్. టాక్ హెచ్.' నోటితో చేసిన చప్పుళ్ళు, వాటి మధ్యలో చక్కటి పియానో. 'టేక్ అప్ దై స్టెతస్కోప్ అండ్ వాక్' వాటర్స్ రాసినవాటిలో విడుదలైన మొదటి పాట. వాయింపు బాగుంటుంది, మాటల గురించి మాట్లాడుకోకపోవడమే మర్యాద. తర్వాత అంత గొప్పగా రాసిన మనిషి ఇలా మొదలయ్యాడు అంటే కొత్తగా రాసేవాళ్ళకి ధైర్యం వస్తుంది.

రెండో వైపు 'ఇంటర్‌స్టెల్లార్ ఓవర్‌డ్రైవ్'తో మొదలవుతుంది, దానికి వేరే ప్రశ్న ఉంది. ఆ తర్వాత 'ద నోమ్', ఎర్ర అంగీ వేసుకున్న ఒక మరుగుజ్జు కథ. 'చాప్టర్ 24'లో మాటలు చైనా వాళ్ళ ప్రాచీన గ్రంథం ఐ చింగ్‌లోని ఇరవై నాలుగో అధ్యాయం లోంచి వచ్చాయి. తిరిగి రావడం గురించిన అధ్యాయం అది. 'ద స్కేర్‌క్రో' పొలంలో దిష్టిబొమ్మ పాట. గుర్రం డెక్కల్లాంటి టకటకలు, రెండు నిమిషాలు. దిష్టిబొమ్మ నాకన్నా దిగులుగా ఉంది, అయినా సర్దుకుపోయింది అనే ధోరణి. పొలాల మధ్య పెరిగినవాళ్ళకి ఎవరికైనా ఆ బొమ్మ తెలుసు. చివరిది 'బైక్', దానికీ వేరే ప్రశ్న ఉంది.

'ఇంటర్‌స్టెల్లార్ ఓవర్‌డ్రైవ్' పది నిమిషాలు ఏం చేస్తున్నారు?

తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు. వరస పుట్టిన కథ సరదాగా ఉంటుంది. అమెరికా బ్యాండ్ 'లవ్' పాడిన ఒక పాటని పీటర్ జెన్నర్ కూనిరాగం తీస్తుంటే, అతని గొంతులో అది ఎటో పోయింది. బారెట్ ఆ పోయినదాన్ని పట్టుకుని గిటారు మీద వాయించాడు. శ్రుతి తప్పిన కూనిరాగం నుంచి ఒక బ్యాండ్ జాతీయగీతం పుట్టింది.

వినే పద్ధతి మనకి కొత్తది కాదు. కచేరీలో పల్లవి ఎత్తుకుని, స్వరకల్పనకి వెళ్ళి, ఎక్కడెక్కడో తిరిగి మళ్ళీ పల్లవికి వస్తారు కదా. ఇక్కడా మొదట్లో ఒక వరస, మధ్యలో విహారం, చివర్లో మళ్ళీ అదే వరస. తేడా ఏమిటంటే మధ్యలో తాళం పట్టుకునే ప్రయత్నం చేయకండి, వాళ్ళే వదిలేశారు. ఒకసారి వాయించిన దాని మీద ఇంకోసారి వాయించినది కలిపారు కాబట్టి కొన్నిచోట్ల ఎనిమిదిమంది ఉన్నట్టు వినిపిస్తుంది. అదే ఏడాది జనవరిలో ఒక సినిమా కోసం రికార్డ్ చేసిన రూపం దాదాపు పదిహేడు నిమిషాలు ఉంటుంది. ఓపిక ఉంటే అదీ వినండి.

బారెట్ గిటారు అలా ఎలా మోగించాడు?

ఫెండర్ ఎస్క్వైర్ గిటారు, దాని మీద అద్దం బిళ్ళలు అతికించాడు. స్టేజి మీద లైట్లు పడి గోడల మీద మెరుపులు కొట్టేవి. తీగల మీద సిగరెట్ లైటరు జార్చి వాయించేవాడు. ఆ జారుడు స్వరాన్ని బిన్సన్ ఎకోరెక్ అనే ఇటలీ ఎకో మిషన్లోకి పంపితే, అది తిరిగి తిరిగి వస్తూ ఒకదాని మీద ఒకటి పేరుకునేది. వేగంలో అతన్ని మించినవాళ్ళు ఆ లండన్‌లోనే బోలెడంతమంది. అతను గిటారుని కుంచెలా వాడాడు, అంతే.

'సీ ఎమిలీ ప్లే' ఈ ఆల్బమ్‌లో ఉందా, లేదా?

మీ దగ్గరున్నది బ్రిటన్ ఎల్పీయా, అమెరికాదా అన్న దాన్ని బట్టి. బ్రిటన్‌లో సింగిల్స్‌ని (విడిగా చిన్న రికార్డు మీద అమ్మే పాటల్ని) ఎల్పీలో కలిపేవాళ్ళు కాదు. ఒకే పాటకి జనం చేత రెండుసార్లు డబ్బు పెట్టించడం ఎందుకని. 1967 మార్చిలో వచ్చిన 'ఆర్నాల్డ్ లేన్' (ఇరవయ్యో స్థానం), జూన్‌లో వచ్చిన 'సీ ఎమిలీ ప్లే' (ఆరో స్థానం) రెండూ ఆల్బమ్ బయటే ఉండిపోయాయి. అమెరికాలో అక్టోబరులో టవర్ రికార్డ్స్ వాళ్ళు 'సీ ఎమిలీ ప్లే'ని ముందు పెట్టి, 'ఆస్ట్రానమీ డోమినే', 'ఫ్లేమింగ్', 'బైక్' మూడింటినీ తీసేశారు. మొదటి పాట, చివరి పాట రెండూ పోయాయి. తలా తోకా లేకుండా చేయడం అంటే ఇదే. పాతది కొనేవాళ్ళు వెనక అట్ట చూసి కొనండి.

'ఆర్నాల్డ్ లేన్' దండెం మీద ఆరేసిన ఆడవాళ్ళ బట్టలు దొంగిలించే మనిషి గురించి. వాటర్స్ వాళ్ళమ్మ, బారెట్ వాళ్ళమ్మ ఇద్దరూ ఇంట్లో కాలేజీ అమ్మాయిల్ని అద్దెకి పెట్టుకునేవాళ్ళు. ఎవడో నిజంగానే దండెం ఖాళీ చేసి పోయేవాడట. కేంబ్రిడ్జ్‌లో ఒక వీధి గొడవ ఇలా చార్టుకెక్కింది.

మోనో వినాలా, స్టీరియోనా?

మోనో. అంటే సౌండంతా ఒకే దారిలో వచ్చేది; స్టీరియోలో ఎడమా కుడీ వేరువేరు. అప్పట్లో ఎక్కువమంది ఇళ్ళల్లో ఉన్నది మోనో ప్లేయరే కాబట్టి స్టూడియోలో శ్రద్ధ అంతా దాని మీదే పెట్టారు. స్టీరియో మిక్సు తర్వాత కొద్ది సమయంలో కానిచ్చారు. మోనోలో డ్రమ్స్, గిటారు ఒక ముద్దగా వచ్చి గుండెకి తగులుతాయి. చాలా ఏళ్ళు దొరకని ఆ మోనో 1997లో సీడీగా వచ్చింది, 2007లో నలభై ఏళ్ళ సెట్‌లో మళ్ళీ వచ్చింది.

స్టీరియోతో నాకు ఒక పాత కక్ష ఉంది. కాలేజీ రోజుల్లో ఈ ఆల్బమ్ మొదటిసారి విన్నది ఒక చెవి మాత్రమే పని చేసే ఇయర్‌ఫోన్స్‌తో. 'ఇంటర్‌స్టెల్లార్ ఓవర్‌డ్రైవ్' చివర్లో అసలు వరస తిరిగి వచ్చినప్పుడు సౌండు ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి ఊగుతుంది. నాకు మాత్రం వచ్చి పోయి, వచ్చి పోయి అన్నట్టు వినపడింది. ఫైలు పాడైందనుకుని, కాపీ ఇచ్చిన రూమ్మేట్‌తో గొడవ పెట్టుకుని, మళ్ళీ కాపీ చేయించుకున్నా. అదీ అంతే. కొత్త ఇయర్‌ఫోన్స్ కొన్నాక తెలిసింది. వాడికి ఇప్పటికీ సారీ చెప్పలేదు.

అట్ట మీద ఫోటో ఎందుకలా చెదిరిపోయినట్టు ఉంది?

విక్ సింగ్ అనే ఫోటోగ్రాఫరు తీసింది. బీటిల్స్ జార్జ్ హారిసన్ ఇచ్చిన ఒక ప్రిజమ్ లెన్సు ఆయన దగ్గర ఉంది. దాంతో చూస్తే ఒకే మనిషి నలుగురైదుగురు అవుతాడు. రంగురంగుల చొక్కాలు వేసుకున్న నలుగురూ ఆ లెన్సులో కలిసిపోయి గుంపయ్యారు. వెనక వైపు ఉన్న నలుపు నీడ బొమ్మ బారెట్ గీసింది.

ఇండియాతో ఏమైనా సంబంధం ఉందా?

ఆ రోజుల్లో ప్రతి రెండో బ్యాండూ సితార్ పెట్టేసేది. వీళ్ళు పెట్టలేదు, అదొక ఊరట. సంబంధం ఇంకో దారిలో ఉంది. బారెట్ స్నేహితులు కొందరు పంజాబ్‌లోని రాధాస్వామి సత్సంగ్ బియాస్ అనే ఆధ్యాత్మిక మార్గంలో చేరారు. తనకీ దీక్ష ఇమ్మని గురువు మహారాజ్ చరణ్ సింగ్‌ని బారెట్ కోరాడు. నువ్వింకా చదువుకునే కుర్రాడివి అని ఆయన ఒప్పుకోలేదు. ఆ తిరస్కారం బారెట్‌ని బాధపెట్టిందని స్నేహితులు తర్వాత చెప్పారు. దీక్ష దొరికి ఉంటే ఈ ఆల్బమ్ ఉండేదా అని ఆలోచిస్తుంటాను.

తర్వాత బారెట్‌కి ఏమైంది?

ఆల్బమ్ వచ్చిన కొన్ని నెలలకే అతను చేయి జారిపోవడం మొదలైంది. స్టేజి మీద గిటారు తగిలించుకుని ఊరకే నిలబడేవాడు, లేదా ఒకే స్వరం మోగిస్తూ ఉండేవాడు. అమెరికా పర్యటన మధ్యలో ఆపుకుని రావలసి వచ్చింది. 1968 జనవరిలో పాత కేంబ్రిడ్జ్ మిత్రుడు గిల్మోర్‌ని చేర్చుకున్నారు. కొద్దిరోజులు ఐదుగురు. ఒకరోజు కచేరీకి కారులో వెళుతూ, సిడ్‌ని ఎక్కించుకోవాలా అన్న మాట వచ్చి, ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయారు. ఏప్రిల్‌లో అతను బ్యాండ్‌లో లేడని ప్రకటించారు. రెండో ఆల్బమ్‌లో అతని పాట ఒక్కటే ఉంది.

అతని జబ్బుకి పేరు పెట్టడం మన పని కాదు. ఎల్‌ఎస్‌డీ చేసిన చెడు కొంత, ఒక్క ఏడాదిలో మీద పడ్డ ఒత్తిడి కొంత, ముందునుంచీ లోపల ఉన్నదేదో కొంత అని దగ్గరివాళ్ళు రకరకాలుగా చెప్పారు. 1970లో రెండు సోలో ఆల్బమ్‌లు చేసి, కొన్నేళ్ళకి సంగీతం వదిలేశాడు. 1975 జూన్‌లో, పాత మిత్రులు అతన్ని తలచుకుంటూ చేసిన 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్' పని జరుగుతుండగా, ఆబీ రోడ్ స్టూడియోకి హఠాత్తుగా వచ్చాడు. లావెక్కి, తల, కనుబొమలు గొరిగించుకుని ఉన్న ఆ మనిషిని చాలాసేపు ఎవరూ గుర్తుపట్టలేదు.

తర్వాత కేంబ్రిడ్జ్‌కి వెళ్ళిపోయాడు. తోట పని, బొమ్మలు, సైకిలు. సిడ్ అనే పేరు కూడా వదిలేశాడు. 2006 జూలై 7న అరవై ఏళ్ళకి పోయాడు.

మొదటిసారి వినేవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి?

'లూసిఫర్ శామ్', ఆ తర్వాత 'మటిల్డా మదర్'. రెండూ నచ్చితే వెనక్కి వెళ్ళి మొదటి నుంచి వినండి. నచ్చకపోతే వదిలేయండి, బలవంతం లేదు. ఇప్పటి వాయింపు వినాలంటే నిక్ మేసన్ 2018లో 'సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్' అనే బ్యాండ్ పెట్టి ఈ పాత పాటలే వాయిస్తున్నాడు.

పిల్లలకి వినిపించొచ్చా?

పెద్దవాళ్ళకన్నా వాళ్ళకే ముందు అర్థమవుతుంది. మా అన్నయ్య కూతురు ఐదేళ్ళప్పుడు 'ద నోమ్' నాలుగుసార్లు పెట్టించుకుంది. 'ఇంటర్‌స్టెల్లార్' మాత్రం పడుకునే ముందు వద్దు.

'బైక్' చివర్లో ఆ బాతుల గోల ఏంటి?

పాట మొత్తం ఒక అబ్బాయి ఒక అమ్మాయికి తన ఆస్తులు చూపించుకోవడం. బుట్ట, గంట ఉన్న సైకిలు (అదీ అరువుదే), చిరిగిన కోటు, ముసలి ఎలుక. చివరికి నాతో ఇంకో గదిలోకి వస్తావా, అక్కడ పాటలు పాడే యంత్రాలు ఉన్నాయి అంటాడు. అక్కడ మాటలు ఆగిపోతాయి. తలుపు తెరుచుకున్నట్టు, ఆబీ రోడ్‌లోని సౌండ్ ఎఫెక్టుల సామానంతా ఒక్కసారి మీద పడుతుంది. గడియారాలు, గంటలు, ఏవో చక్రాలు. అవి తగ్గాక మిగిలేదే బాతుల్లాంటి ఆ గోల. నవ్వుల్ని టేపు మీద తిరగేసి, వేగం పెంచి, మళ్ళీ మళ్ళీ తిరిగేలా లూపు చేశారు. అది అలా దూరం వెళ్ళిపోతుండగా ఆల్బమ్ అయిపోతుంది.

మా ఇంట్లో ఆ చోటికి వచ్చేసరికి వంటింట్లోంచి అమ్మ "ఆ టీవీ కాస్త తగ్గించరా" అంటుంది. టీవీ ఆపేసే ఉంటుంది.